సవరించిన కిలోమీటరు

చక్రాన్ని కనిపెట్టినవాడు అదృష్టవంతుడు. అతడి కాలానికి చక్ర వ్యాస నిర్ధారణ కార్యాలయం ఇంకా ఏర్పడలేదు. ఏర్పడి ఉంటే ఆ మహానుభావుడు కష్టపడి చెక్కిన దుంగని భుజానికెత్తుకుని, పై అంతస్తులో వరసలో నిలబడి, సాయంత్రానికి 'గుండ్రంగా ఉన్నది, కారణం తెలపండి' అన్న రాతతో ఇంటిముఖం పట్టేవాడు. మనం ఈరోజుకీ నడుస్తూనే ఉండేవాళ్ళం. (నడకకి ఇంతవరకూ ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ సంగతి పైకి పొక్కనివ్వకండి.)

మానవజాతి అలా గట్టెక్కింది గానీ నర్సమ్మ గట్టెక్కలేకపోయింది.

నర్సమ్మ పని మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పుళ్ళు కడగడం, కట్లు మార్చడం, మందులు మింగామని అబద్ధమాడే వాళ్ళ చేత నిజంగా మింగించడం. ఇంటింటి వైద్యసేవ వాళ్ళు ఆమెకి ఒక సంచీ, ఒక తెల్లకోటు, ఒక నియమావళి ఇచ్చారు. కారు మాత్రం ఆమెదే. సొంత కారుని ప్రజాసేవకి వాడటం గౌరవంగా భావించాలని ఆ నియమావళి మొదటి పేజీలోనే ఉంది.

కారు పాతది, చిన్నది, చెప్పిన మాట వినేది. దాని టైర్లు మాత్రం అరిగి అరిగి ఆ వానాకాలానికి గుండు కొట్టించుకున్నట్టు నున్నబడ్డాయి. ఒకరోజు ముసురులో మలుపు దగ్గర ఆమె స్టీరింగు ఒకవైపు తిప్పితే కారు ఇంకోవైపు పోవాలనుకుంది. జారి జారి ఒక బడి ప్రహరీకి జానెడు దూరంలో ఆగింది. నర్సమ్మ దిగి టైరు మీద అరచెయ్యి రాసి చూసింది. ఇక లాభం లేదనుకుంది.

సెలవురోజున భర్తని వెంటబెట్టుకుని టైర్ల షాపుకి వెళ్ళింది. భర్త టైలరు. మెడలో టేపు లేకుండా ఆయన్ని పెళ్ళిఫోటోలో తప్ప ఎవరూ చూడలేదు.

టైర్ల షాపు ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరు మీది అంకెలు బొటనవేలితో తుడిచి చదివాడు. "నూట డెబ్బై అయిదు బై అరవై అయిదు, పద్నాలుగు. ఈ సైజు రావట్లేదమ్మా. నూట అరవై అయిదు వేసేస్తాను. బ్రహ్మాండంగా ఉంటుంది."

"రెండిటికీ తేడా ఏంటి?"

"పది."

"పది ఏంటి?"

ఆయన టైరు వంక చూశాడు, టైరు ఏమన్నా అందిస్తుందేమోనని. "పదే అమ్మా. పదంటే పది."

రోజూ మందు మోతాదు రెండుసార్లు సరిచూసుకునే మనిషికి ఆ జవాబు చాలలేదు. ఆమె అక్కడే ఒక స్టూలు మీద కూర్చుని ఫోనులో చదివి, బిల్లు వెనక లెక్క వేసింది. తేలింది ఏమిటంటే, ఆ మూడు అంకెలూ ఒకే ఇంట్లో మాటల్లేని ముగ్గురు అన్నదమ్ములు. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో మాట్లాడుతుంది. రెండోది టైరు పక్కగోడ ఎత్తు, అదేమో వెడల్పులో ఇన్ని శాతం అంటుంది గానీ ఎంతో చచ్చినా చెప్పదు. మూడోది లోపలి ఇనప చక్రం, దానికి అంగుళాలు తప్ప ఇంకో భాష రాదు. ముగ్గురినీ ఒక చోట కూర్చోబెట్టి రాజీ కుదిర్చితే తప్ప టైరు ఈ చివర నుంచి ఆ చివరకి ఎంతో, అంటే మొత్తం వ్యాసమెంతో, బయటపడదు.

నర్సమ్మ రాజీ కుదిర్చింది. నూట డెబ్బై అయిదులో అరవై అయిదు శాతం, దాదాపు నూట పద్నాలుగు. గోడ పైన ఒకటి, కింద ఒకటి, కాబట్టి రెండింతలు. దానికి పద్నాలుగు అంగుళాల చక్రాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి కలిపితే పాత టైరు అయిదువందల ఎనభై మూడు. అలాగే కొత్తది అయిదువందల డెబ్బై. తేడా పదమూడు మిల్లీమీటర్లు, నూటికి రెండుంపావు. నూటికి మూడు దాటనంతవరకు భయం లేదని అన్నిచోట్లా రాసి ఉంది.

భర్తకి ఫోను లెక్కల మీద నమ్మకం లేదు. మెడలోంచి టేపు తీసి కొత్త టైరు చుట్టూ తిప్పాడు. "నడుము డెబ్బై అంగుళాలన్నర," అన్నాడు గంభీరంగా. "ఇంత నడుమున్న మనిషికి నేనింతవరకు ప్యాంటు కుట్టలేదు."

"దాన్ని మూడు పాయింట్ ఒకటి నాలుగుతో భాగించండి, వ్యాసం వస్తుంది."

"భాగించడం దేనికి? సరిపోతుంది. కాస్త వదులు ఉన్నా సర్దుకుపోతుంది."

నాలుగు టైర్లూ వేయించారు. వానలో కారు ఎటు తిప్పితే అటు తిరిగింది. కథ ఇక్కడితో అయిపోవాలి. మరో దేశంలో, మరో యుగంలో అయిపోయేది కూడా.

అయితే నియమావళి చివర్లో, అచ్చుతప్పుల పట్టికకి కాస్త ముందు, ఒక వాక్యం ఉంది. ప్రజాసేవలో ఉన్న వాహనానికి టైరు సైజు మారిన పక్షంలో దాని మొత్తం వ్యాసాన్ని చక్ర వ్యాస నిర్ధారణ కార్యాలయం నిర్ధారించవలెను. నర్సమ్మ చేసిన తప్పల్లా ఆ వాక్యాన్ని చదవడమే.

ముందు ఆ కార్యాలయం వారి 'వ్యాసమిత్ర' యాప్ దింపుకుంది. యాప్ మొదటి ప్రశ్న: 'మీ టైరు గుండ్రంగా ఉందా?' అవును అని నొక్కింది. 'ఆధారం జతచేయండి' అంది యాప్. ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే టైరు నలుచదరంగా ఉందని తిరస్కరించింది. పక్కనుంచి తీస్తే ముఖం స్పష్టంగా లేదంది. మూడోసారి యాప్ తనే అలిసిపోయి, స్వయంగా హాజరు కమ్మంది.

కార్యాలయంలో వెడల్పుకి ఒక బల్ల, శాతానికి ఒక బల్ల, అంగుళాలకి ఒక బల్ల. వెడల్పు బల్ల గుమాస్తా తన ముద్ర వేసి పక్కకి పంపాడు. శాతం బల్ల ఆవిడ చదువుతున్న పత్రిక మూయకుండానే అడిగింది.

"అరవై అయిదు శాతం అంటే, దేంట్లో?"

"వెడల్పులో అండీ."

"వెడల్పు మాది కాదమ్మా, పక్క బల్ల వాళ్ళది. వాళ్ళ దాంట్లో మేమెలా చెయ్యి పెడతాం? రేపు మాట వస్తే?"

అంగుళాల బల్ల ఆయన భోజనానికి వెళ్ళాడు. (ఆయన భోజనానికి వెళ్ళాడని ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ చెబుతున్నారు.)

చివరికి ఫైలు నిర్ధారణాధికారి గదికి చేరింది. ఆయన చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. కసురుకునే అధికారి ఎప్పటికైనా అలిసిపోతాడు, మర్యాదస్తుడికి అలుపుండదు.

"గోడ ఎత్తు రెండుసార్లు వేశారేంటమ్మా?" అన్నాడు మెత్తగా.

"పైన ఒకటి, కింద ఒకటి ఉంటుంది కదండీ."

"టైరు ఒకటే కదా?"

"ఒకటేనండీ. గోడ చుట్టూ ఉంటుంది."

"చుట్టూ ఉంటే అది ఒకటే గోడ. ఒకే గోడని రెండుసార్లు చూపిస్తే ఆడిట్ వాళ్ళు నన్ను నిలదీస్తారు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, మీరు రోగుల పనిలో ఉన్నారు కాబట్టి పై గోడ ఒప్పుకుంటాను. కింది గోడ రోడ్డుకి ఆనుకుని ఉంది. రోడ్డుకి ఆనుకున్నవన్నీ రహదారుల శాఖవి. అక్కణ్ణించి అభ్యంతరం లేదని రాయించుకు రండి."

నర్సమ్మ రాయించుకు వచ్చింది. రహదారుల శాఖ వాళ్ళు తమకి అలాంటి గోడ ఒకటుందని అప్పుడే తెలుసుకుని సంతోషించారు, దానికి సున్నం వేయించాలని నిధులు కూడా అడిగారు.

ఆ తర్వాత అధికారి స్వయంగా కిందికి దిగి, బంట్రోతు చేత కారు టైరుని కొలిపించాడు. అడ్డంగా కొలిస్తే ఒక అంకె, నిలువుగా కొలిస్తే ఇంకాస్త తక్కువ.

"గుండ్రని వస్తువుకి రెండు వ్యాసాలా? ఇందులో ఒకటి అక్రమం కదమ్మా."

"కారు బరువుకి కింద కొంచెం నొక్కుకుంటుందండీ."

"కారులో ఎవరున్నారు?"

"నేనేనండీ."

"ఒకసారి దిగండి." ఆమె దిగింది. బంట్రోతు మళ్ళీ కొలిచి, ఒక వెంట్రుకవాసి పెరిగిందన్నాడు. అధికారి ఆమె వైపు జాలిగా చూశాడు. "చూశారా? మేమేమీ అనలేదు. కొలతే చెబుతోంది."

ఇలా వెళ్ళీ వచ్చీ, వచ్చీ వెళ్ళీ, ఎట్టకేలకు అయిదువందల డెబ్బై అని నిర్ధారణ అయింది. అంటే బిల్లు వెనక ఆమె రాసుకున్న అంకే, కాకపోతే ఇప్పుడు దాని మీద గుండ్రటి ముద్ర ఉంది.

"ఇప్పుడు అసలు సమస్య," అన్నాడు అధికారి. "మీ కారు మీటరుకి టైరు చిన్నదైందని తెలీదు. చిన్న టైరు ఎక్కువసార్లు తిరుగుతుంది. మీటరు ఆ తిరుగుళ్ళే లెక్కపెట్టుకుని దూరం ఎక్కువ చూపిస్తుంది. మీటరు మార్చడం నేరం. రోడ్డు మార్చడం మా పరిధి కాదు. కాబట్టి మిగిలింది కిలోమీటరు. మీకు ప్రత్యేకంగా ఒక కిలోమీటరు మంజూరు చేస్తున్నాం. తొమ్మిదివందల డెబ్బై ఎనిమిది మీటర్లది."

"మిగతా ఇరవై రెండు మీటర్లు?"

"అవి ప్రభుత్వానికి చెందుతాయి."

నర్సమ్మ ఆ సాయంత్రం భర్తకి చెప్పి పడీపడీ నవ్వింది. సొంతానికి ఒక కిలోమీటరు ఉన్న మనిషి వాళ్ళ వంశంలో ఎవరూ లేరు. భర్త కూడా మురిసిపోయాడు. "కాస్త పొట్టిదైతేనేం," అన్నాడు, "చక్కగా ఇమిడిపోతుంది."

మర్నాడు పొద్దున్నే వైద్యసేవ ఆఫీసు నుంచి ఫోనుకి సందేశం వచ్చింది. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

వైద్యసేవకి ఒక హద్దు ఉంది. నర్సు బయలుదేరిన చోటు నుంచి ఆమె కారు మీటరు మీద పదిహేను కిలోమీటర్లు. ఊరి చివర ఇటుకల బట్టీల పక్కన ఉండే కండక్టరు బాబాయి ఇల్లు ఆమె మొదటిసారి వెళ్ళిన రోజు మీటరు ప్రకారం పద్నాలుగు పాయింట్ ఎనిమిది. సవరించిన కిలోమీటరులో అది పదిహేను దాటి ఇంకో నూటముప్పై మూడు మీటర్లు బయటికి పోయింది. కాబట్టి సదరు రోగి ఇకపై రోగి కాడని, ఆయన మడమ మీది పుండు వైద్యసేవకి సంబంధించినది కాదని సందేశం.

ఆ పుండు సంగతి నర్సమ్మకి తెలుసు. షుగరు పుండు. రెండు రోజులకోసారి కడిగి కట్టు మారుస్తుంటే ఈమధ్యే అంచులు ఎర్రగా, ఆరోగ్యంగా తేలుతున్నాయి. ఒక్క వారం వదిలేస్తే పాదం, ఇంకాస్త వదిలేస్తే మోకాలి దాకా పోతుంది. ఆమె అలాంటివి చూసింది.

సరాసరి అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మళ్ళీ కుర్చీ చూపించాడు.

"ఇల్లు ఎక్కడికీ జరగలేదండీ. ఇదిగో, ఫోనులో మ్యాపు చూడండి, పద్నాలుగు పాయింట్ ఎనిమిదే."

ఆయన ఫోను అందుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు. "దీనికి టైర్లున్నాయా అమ్మా?"

"లేవండీ."

"మరి దూరం దీనికెలా తెలుస్తుంది?"

నర్సమ్మకి ఒళ్ళు మండింది. "పాత టైర్లు అరిగిపోయి ఎప్పుడో ఇంతకే వచ్చాయండీ. కొత్తవాటి వ్యాసమూ అంతే. అప్పుడు లేని హద్దు ఇప్పుడెక్కడిది?"

"అరగడం ప్రకృతి. మార్చడం మీరు." అని ఆయన సొరుగులోంచి ఎర్ర కాగితం ఒకటి తీశాడు. "అయినా మీరన్నదీ ఆలోచించాల్సిందే. అంటే ఇన్నాళ్ళూ మీరు తెలిసి తెలిసి హద్దు దాటి కట్లు కట్టారంటారా?"

నర్సమ్మ మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా బయటికొచ్చేసింది.

సాయంత్రం బాబాయి ఇంటికెళ్ళి విషయం చెప్పింది. ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి మానేసిన మనిషి. మంచంలో ఉన్నా నోటికి మాత్రం విశ్రాంతి ఇవ్వలేదు.

"ముప్పై ఏళ్ళు జనాన్ని దిగండి దిగండి అని తోశానమ్మాయ్," అన్నాడు. "ఇప్పుడు నన్నే దింపేశారన్నమాట. అదీ స్టాపు కాని చోట."

"ఊరుకో బాబాయ్. ఏదో ఒకటి చేద్దాం. నేను సెలవురోజున వచ్చి కడతాను."

"సెలవు ఒక్కరోజు. నా కాలికి సెలవుల్లేవు."

మూలన బట్టలు మడతపెడుతున్న ఆయన కోడలు చేతిలో దుప్పటి పక్కన పెట్టి ముందుకొచ్చింది. "అక్కా, మీరు రాకూడదు సరే," అంది. "మావయ్యని మేమే హద్దులోకి తీసుకొస్తే?"

"ఎంతవరకు?"

"మన బస్టాపు ఇక్కణ్ణించి ఊరివైపు నూటయాభై మీటర్లు ఉంటుంది. నీడ ఉంది, సిమెంటు బెంచీ ఉంది. చక్రాల కుర్చీలో తోసుకొస్తాను."

"బస్టాపులో పుండు కడగడమేంటమ్మా, దుమ్మూ ధూళీ..." అని నర్సమ్మ మొదలుపెట్టి, మోకాలి దాకా పోవడం గుర్తొచ్చి ఆపేసింది.

అలా రెండు రోజులకోసారి కండక్టరు బాబాయి బస్టాపుకి విచ్చేయడం మొదలైంది. కోడలు బెంచీ కడిగి, ఉతికిన దుప్పటి అడ్డంగా కట్టేది. నర్సమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకుని కట్టు విప్పేది. మందు తగిలినప్పుడల్లా బాబాయి పళ్ళు బిగించి, నొప్పి తెలీకుండా ఉండటానికి వచ్చేపోయే బస్సుల మీద విరుచుకుపడేవాడు.

"ఏమయ్యా డ్రైవరూ, స్టాపు ఇక్కడుంటే అక్కడ ఆపుతావేం? ముసలమ్మ పరిగెత్తాలా? ఎక్కండమ్మా ఎక్కండి, లోపలికి జరగండి, రైట్!"

డ్రైవర్లు భయపడి సరిగ్గా స్టాపులోనే ఆపడం మొదలుపెట్టారు. ఆ రూటు చరిత్రలో అది మొదటిసారి.

ఈలోగా మిగతా నర్సుల కార్లకీ కొత్త టైర్లు పడ్డాయి, తలా ఒక సొంత కిలోమీటరు వచ్చింది. హద్దు మీద ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే అవతలికి జారిపోయారు. పక్షవాతం వచ్చిన తాపీమేస్త్రీని తోపుడు బండి మీద తెచ్చారు. కడుపులో గొట్టం ఉన్న ఒకావిడ రిక్షాలో వచ్చింది. బస్టాపులో రోగులకి చోటు లేక ప్రయాణికులు రోడ్డు మీద నిలబడ్డారు. బస్సు కోసం వచ్చిన ఒకాయన తెలియక వరసలో నిలబడి, తన వంతు వచ్చాక బీపీ చూపించుకుని, ఎక్కువుందని తెలిసి కంగారుపడి ఇంటికెళ్ళిపోయాడు.

ఆ వరసని చూడటానికి నిర్ధారణాధికారి స్వయంగా వచ్చాడు. అందరికీ నమస్కారం పెట్టాడు. బాబాయి కుశలం అడిగాడు. నర్సమ్మ కారు మీటరు చూసి తృప్తిగా తలాడించాడు. "హద్దులోనే ఉన్నారు. చాలా సంతోషం. కాకపోతే టైరు రోజూ అరుగుతుంది కదా, వ్యాసం తగ్గుతుంది, మీటరు ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది. వచ్చే ఏడాదికి ఈ స్టాపు కూడా హద్దు దాటిపోతుంది."

"అరగడం ప్రకృతి అన్నారు కదండీ!" అంది నర్సమ్మ.

"అది పాత టైర్ల విషయంలో. ఇప్పుడు మీ వ్యాసం నిర్ధారణ అయింది. నిర్ధారణ అయిన టైరు అరిగితే మాకు తెలియజేయాలి."

"అప్పుడు నేనేం చెయ్యాలి బాబూ?" అన్నాడు బాబాయి.

"ఇంకో స్టాపు ముందుకి జరగండి."

"ఆ తర్వాత?"

"ఇంకోటి."

"అలా జరుగుతూ పోతే ఆఖరికి ఎక్కడ తేలతాను?"

అధికారి మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. "మా ఆఫీసు మెట్ల దగ్గర," అన్నాడు. "అయితే అక్కడ కూర్చోనివ్వరు."

బాబాయి ఆయన్ని కిందనుంచి మీద దాకా చూసి, "రైట్!" అని అరిచాడు. వెనక ఆగి ఉన్న బస్సు కదిలింది. అధికారి ఎక్కాల్సిన బస్సు అదే.

అంత దూరం రాలేదు. చలికాలం మొదలయ్యేసరికి పుండు పూడుకొచ్చి, కొత్త చర్మం పట్టింది. ఒక ఉదయం కోడలు ఖాళీ కుర్చీ తోసుకుంటూ వస్తే, దాని వెనకాల బాబాయి చేతికర్ర పోటేసుకుంటూ, అడుగడుక్కీ ఆగి తిట్టుకుంటూ, తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. నర్సమ్మ కట్టు విప్పి, మడమ వేలితో నొక్కి చూసి, తలొంచుకుని సంచీ సర్దుకోవడం మొదలెట్టింది. సర్దడానికి అందులో పెద్దగా ఏమీ లేదు.

"ఏడుస్తున్నావేంటమ్మాయ్?"

"దుమ్ము బాబాయ్. బస్టాపు కదా."

ఆ రోజే ఆమె కంప్యూటరులో 'నయమైనది' అని నమోదు చేసింది. వారం తిరక్కుండా నిర్ధారణాధికారి నుంచి తాఖీదు వచ్చింది. సదరు వ్యక్తి నివాసం హద్దుకి వెలుపల ఉన్నందున ఆయన రోగి కాడు, రోగి కానందున ఆయనకి పుండు లేదు, లేని పుండుని మీరు ఏ అధికారంతో నయం చేశారో సంజాయిషీ ఇవ్వవలెను.

నర్సమ్మ కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని జవాబు రాసింది. 'అయ్యా, పొరపాటున నయమైంది. ఇకముందు ఇలా జరగకుండా చూసుకుంటాను.'

సమాధానం సంతృప్తికరంగా ఉందని అధికారి సంతకం పెట్టాడు.